చుక్క కూడా కింద పడలేదు

నా చేతి మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. వార్డులో కీమో మందు లోడ్ చేయాలంటే ముందు నన్నే పిలిచేవారు. యాంప్యూల్ మెడ విరిచినా, వయల్ రబ్బరు మూతలోకి సూది దించినా, సిరంజి నిండా లాగి సలైన్ బాటిల్‌లో కలిపినా బల్ల మీద తడి కనపడేది కాదు. "చూడండమ్మా, చుక్క కూడా కింద పడలేదు" అని కొత్తగా చేరిన పిల్లలకు చూపించేదాన్ని. ఆ మాట ఎంత తప్పో నాకు తెలిసేసరికి నా సర్వీసులో ఎక్కువ భాగం అయిపోయింది. ఇప్పుడు పోచారంలో ఇంటి పట్టునే ఉంటున్నాను. ఎవరూ అడగకుండానే ఇది రాస్తున్నాను. నేను రిటైరయ్యాను గానీ, నేను నేర్పిన పద్ధతి రిటైరవలేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇంకా ఎక్కడెక్కడో వార్డుల్లో మందు కలుపుతున్నారు.

మేం మందు కలిపే చోటు గురించి ముందు చెప్పాలి. నర్సుల గది వెనక చిన్న గది, గోడకు ఆనించిన బల్ల, నడినెత్తిన ఫ్యాను. మందు కలిపేది ఆ బల్ల మీదే, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచేదీ దాని మీదే. గాలిని వడకట్టి పైకి లాగేసే క్యాబినెట్ ఒకటి ఉండాలని పుస్తకాల్లో ఉంది. మా దగ్గర లేదు. లేదని నేను అడిగిందీ లేదు, అందులో నా వంతు అదే. అడిగితే నా చేతి మీద నాకే నమ్మకం లేనట్టుంటుందని అనుకునేదాన్ని.

సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు పొడి 500 మిల్లీగ్రాముల వయల్‌లో 25 మిల్లీలీటర్ల నీళ్లు ఎక్కించి కరిగించాలి. వయల్ అంటే అన్ని వైపులా మూసిన సీసా. అడుగున పొడి, మిగిలినదంతా గాలి. నీళ్లు లోపలికి నెట్టేకొద్దీ ఆ గాలికి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది. సూదిని బయటికి లాగిన క్షణంలో ఆ ఒత్తిడి మందును రబ్బరు చిల్లులోంచి కంటికి ఆననంత సన్నని తుంపరగా బయటికి కొడుతుంది. మందు వెనక్కి లాగేటప్పుడు దీనికి పూర్తిగా ఎదురు, లోపల వెలితి ఏర్పడి సిరంజి పిస్టన్‌ను తనవైపు గుంజుకుంటుంది. అందుకే ఎంత మందు తీయాలో అంత గాలి ముందుగా లోపలికి ఎక్కించమని మాకు నేర్పారు. ఇన్సులిన్‌కు అది సరైన పద్ధతే. కీమో మందుకు అదే పద్ధతి వాడితే తుంపర లేస్తుంది. తీసే మందు కంటే తక్కువ గాలి, అదీ కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ, లాగుతూ, వయల్‌లో ఎప్పుడూ కాస్త వెలితి మిగిలేలా చూసుకోవాలి. నేనెప్పుడూ అలా చేయలేదు.

పైగా నాదొక సొంత ఉపాయం ఉండేది. గులాబీ రంగు 18 గేజ్ సూది ఒకటి రబ్బరు మూతలో గుచ్చి వదిలేసేదాన్ని, గాలి ఆడడానికి. ఇక పిస్టన్ మొరాయించేది కాదు, పని సగం టైములో అయ్యేది. దాన్ని పది మందికి నేర్పాను. వయల్ లోపలి ఆవిరికి, తుంపరకు నేనే దారి తెరిచి, దాని మీదికి ముఖం వంచి నిలబడ్డానని అప్పుడు తోచలేదు. ఆ తర్వాత సిరంజిని కంటికి ఎదురుగా పెట్టి, వేలితో కొట్టి, బుడగలు పైకి తెచ్చి, సూది మొన నుంచి ఒక చుక్క చిమ్మేదాకా నెట్టేదాన్ని. సినిమాల్లో నర్సులంతా చేసేది అదే. ఆ చుక్క ఎక్కడికి పోతుందో చూడలేదు. బల్ల మీద పడకపోతే చాలనుకున్నాను. గ్లోవ్స్ వేసుకుంటే సన్నని యాంప్యూల్ పట్టు దొరకదని వాటినీ పక్కన పెట్టేదాన్ని.

మా ఆయన చర్లపల్లి వైపు ఒక మందుల యూనిట్‌లో పనిచేసేవారు. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, ఆ మేరంతా మందుల తయారీ, పరిశోధన జరిగే చోట్లే. ఆయన పొడి విభాగంలోకి వెళ్లాలంటే ఇంటి బట్టలు విప్పి వాళ్లిచ్చే సూటు తొడుక్కోవాలి, తలకు ముసుగు, గాలి గొట్టం పెట్టుకోవాలి. బయటికి వచ్చేటప్పుడు స్నానం చేయాలి. ఘాటైన మందుల్ని అద్దాల పెట్టెలో చేతులు దూర్చి కలుపుతారట. గాలిలో ఘనమీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు దాటకూడదని లెక్క ఉంటుందట. ఒకరోజు అన్నం తింటూ నన్ను అడిగారు, "మేం అంత జాగ్రత్తగా లోపల పెట్టి మూసిన మందును మీరు ఎక్కడ తెరుస్తారు?" అని. "మీరు బస్తాల్లో చూస్తారు, మేం మిల్లీగ్రాముల్లో చూస్తాం, మాకేం కాదు" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. బస్తాలు చూసేవాడికి సూటు ఉందనీ, మిల్లీగ్రాములను రోజూ, ఏళ్ల తరబడి, వట్టి చేతులతో పట్టుకునేదాన్ని నేననీ ఆ రాత్రి నాకు తట్టలేదు. పరిశ్రమలో ఇంజనీరు కూర్చుని ఆలోచించిన విషయమంతా ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి నర్సు చేతి నైపుణ్యం చూసుకుంటుంది అని నేను నిజంగా నమ్మాను.

ఇంకో మాట కూడా అనేదాన్ని, తలచుకుంటే ఇప్పటికీ బాధ. మెథోట్రెక్సేట్ వచ్చినప్పుడల్లా పిల్లలకు యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పేదాన్ని. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసి, దానికి అడ్డుపడే మందుల తయారీని నడిపించినాయన. వాటిలో అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అదే ఏడు సుబ్బారావు గారు పోయారు. ఇదంతా నిజమే, చెప్పుకోవాల్సిందే. నా పొరపాటు ఆ తర్వాతి మాటలో ఉంది. "మన సుబ్బారావు గారి మందు మనల్నేం చేస్తుంది" అనేదాన్ని. విన్‌క్రిస్టిన్ వచ్చినప్పుడు, ఇది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోంచి తీసిందే కదా అనేదాన్ని. మనది, మన పెరటిది అనిపించగానే మందు మీద ఉండాల్సిన భయం పోయేది. కణం రెండుగా చీలకుండా ఆపడమే వాటి పని. అది రోగి కణమా, నర్సు కణమా అని మందు చూడదు.

ఆ రోజుల్లోనే కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి మా వార్డుకు వచ్చింది. చాలా నెమ్మదస్తురాలు. ఒకనాడు పక్కకు పిలిచి, "అక్కా, నాకు నెల తప్పింది. కొన్నాళ్లు కీమో లోడింగ్ నాకు వేయకండి" అంది. నేను అందరి ముందూ కోప్పడ్డాను. "ఇంత సుకుమారమైతే ఈ వార్డుకు ఎందుకొచ్చావు? నేను ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఏమైంది?" అన్నాను. తను తలొంచుకుని వెళ్లి మందు కలిపింది.

నేను అంతకుముందు గైనిక్ వార్డులో చేశాను. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచినప్పుడు, తొలిదశలో దాన్ని ఆపడానికి ఇచ్చే ఇంజెక్షన్ మెథోట్రెక్సేటే. నా చేత్తోనే ఇచ్చాను. ఆ మందు గర్భాన్ని ఏం చేస్తుందో పుస్తకంలో చదివి కాదు, కళ్లారా చూసి ఎరుగుదును. అదే మందు వయల్‌ను ఆ పిల్ల చేతికిచ్చి సుకుమారమన్నాను. తెలియక చేసినదైతే నన్ను నేను కొంత సమాధానపరచుకునేదాన్ని. తెలిసిన రెండు సంగతుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు, చూడడానికి నాకు గర్వం అడ్డొచ్చింది. తను కొద్దికాలానికే వేరే ఆస్పత్రికి మారిపోయింది. బిడ్డ బాగానే పుట్టిందని తర్వాత విన్నాను. అందులో నా గొప్ప ఏమీ లేదు.

కొన్నేళ్లకు మా దగ్గరికి ఒక ఫార్మ్-డి కుర్రవాడు చేరాడు. ఆ చదువు మన దేశంలో 2008లో మొదలైంది, మా తరం వాళ్లకు కొత్త. ఘట్‌కేసర్ వైపు నుంచి వచ్చేవాడు, అప్పుడప్పుడూ ఒకే బస్సులో కలిసేవాళ్లం. ఒకరోజు ఖాళీ వయల్‌లో కంటి పరీక్షలకు వాడే ఫ్లోరెసీన్ రంగు నీళ్లు పోసి తెచ్చి, "సిస్టర్, మీరు రోజూ ఎలా కలుపుతారో అలాగే కలపండి" అన్నాడు. కలిపాను. బల్ల మీద చుక్క లేదు. గదిలో లైటు ఆర్పి యూవీ టార్చి వేశాడు. బల్ల మీద నిజంగానే పెద్దగా ఏమీ లేదు. వయల్ మూత చుట్టూ మెరిసింది. నా ఎడమ బొటనవేలు మెరిసింది. సిరంజి పిస్టన్ కడ్డీ మీద, సలైన్ బాటిల్ మూతి దగ్గర, ముంజేతి మీద ఇసుక చల్లినట్టు సన్నగా ఉంది. ఆ చేతులతోనే రాసిన రిజిస్టరు పేజీ అంచున వేలిముద్ర ఒకటి ఉంది.

ఆ వేలిముద్ర చూసి నా కళ్లు తెరుచుకున్నాయని రాయగలిగితే బాగుండేది. తెరుచుకోలేదు. "రంగు అంటుకునే తీరు వేరు బాబూ, మందు వేరు" అన్నాను. ఎదురుగా కనపడుతున్నదాన్ని కాదనడానికి మాట అంత సులువుగా దొరికింది. మరుసటి రోజు మళ్లీ గులాబీ సూది గుచ్చాను.

అతను వాదించలేదు. కొన్నాళ్లకు ఒక పాత వ్యాసం సంగతి చెప్పాడు. 1979లో ఫిన్లండ్‌లో కై ఫాల్క్, ఆయన తోటివాళ్లు క్యాన్సర్ మందులు కలిపే నర్సుల మూత్రం తీసి పరీక్షించారు. బాక్టీరియా జన్యువుల్లో మార్పులు తెచ్చే గుణం అందులో మామూలు వాళ్లకంటే ఎక్కువగా కనపడింది. లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ నర్సులు రోగులు కారు. మందు తీసుకోలేదు, కలిపారు. నేను నర్సింగ్ స్కూల్ గడప తొక్కకముందే అది అచ్చయింది. 1985లో మళ్లీ ఫిన్లండ్ నర్సుల మీదే ఇంకో అధ్యయనం, ఈ మందులు తాకే పనికీ గర్భస్రావాలకూ సంబంధం కనపడుతోందని. ఆ రెండోది విన్నప్పుడు నాకు మాట రాలేదు. తలొంచుకుని వెళ్లిన ఆ పిల్ల గుర్తొచ్చింది. సైక్లోఫాస్ఫమైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి పట్టికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో పెట్టిందని అతనే చెప్పాడు. క్యాన్సర్‌ను తగ్గించే మందే క్యాన్సర్ తేగలదన్న మాట నేను రోగుల కేసు షీట్లలో చదివాను. నా సంగతిగా ఒక్కసారీ చదవలేదు.

ఆ తర్వాతే అతను తెచ్చిన ఒక పరికరాన్ని సరిగ్గా చేతిలోకి తీసుకుని చూశాను. క్లోజ్డ్ సిస్టమ్ అంటారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక కంపెనీ ఫేసీల్ అనే పేరుతో తెచ్చింది, ఇప్పుడు బీడీ అనే కంపెనీదైంది. ఇంకా వేరే కంపెనీలవీ ఉన్నాయి. వయల్ మూతకు ఒక టోపీ లాంటిది బిగుస్తుంది, దాని పక్కన చిన్న గాలితిత్తి. నీళ్లు ఎక్కిస్తే లోపలి గాలి ఆ తిత్తిలోకి పోతుంది, మందు తీస్తే తిత్తిలోంచి వెనక్కి వస్తుంది. ఒత్తిడి పెరగదు, వెలితీ పడదు. నేను గులాబీ సూదితో చేయాలనుకున్న పని అదే, గదిలోకి దారి తెరవకుండా చేసింది. సిరంజికి బిగించే రెండో ముక్కలో సూది పొర వెనక దాగి ఉంటుంది. టోపీకి ఆనించి నొక్కితే రెండు పొరలూ ఒకదానికొకటి గట్టిగా అదుముకుంటాయి, సూది వాటి మధ్యలోంచే దూరుతుంది, విడదీసేటప్పుడు పొరలు దాన్ని తుడిచి పంపుతాయి. మొన ఒక్క క్షణం కూడా గాలి చూడదు. తిత్తికి బదులు బొగ్గు ఫిల్టరు పెట్టి గాలిని శుద్ధిచేసి వదిలే రకాలూ ఉన్నాయి. ఆవిరయ్యే మందుల్ని అవి ఎంతవరకు ఆపుతాయన్నది నిపుణుల మధ్య వాదన. రంగు నీళ్లతో మళ్లీ చేసి చూశాం. ఈసారి టార్చి అడిగి వేయించింది నేనే.

ధర మాట వచ్చింది. ప్రతి వయల్‌కూ ఒక టోపీ, ప్రతి సిరంజికీ ఒక ముక్క, సలైన్ సంచికి ఇంకొకటి. "ఆ డబ్బుతో ఇంకొకరికి ఒక సైకిల్ మందు వస్తుంది" అని నేనే లోగడ మీటింగులో అన్నాను. అందులో కొంత నిజం ఉంది, మందు కోసం పొలం అమ్ముకున్నవాళ్లను మేం రోజూ చూసేవాళ్లం. కానీ జీతానికి పనిచేసే నర్సు ఒంటిని ఆ లెక్కలో వేయకుండా తీసేసిన నిజం అది. చివరికి కొన్ని మందులకు మాత్రమే తెప్పించారు.

అక్కడ నేను ఇంకోసారి తప్పు చేశాను. పరికరం చేతికి రాగానే గ్లోవ్స్ మానేసిన చేతులకు ఇప్పుడు సాకు దొరికింది. మూసే ఉంది కదా, ఇంకేం భయం అనుకున్నాను. మొదట చేతి మీద పెట్టిన గుడ్డి నమ్మకాన్ని తీసుకెళ్లి ప్లాస్టిక్ మీద పెట్టాను. వయల్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే దాని పైభాగాన మందు ఆనవాళ్లు ఉంటాయని చాలా చోట్ల పరీక్షించి చూశారు. అట్టపెట్టె విప్పిన చేతికి అది అప్పుడే అంటుతుంది, ఏ పరికరమూ దాన్ని ఆపలేదు. 2018లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి, మిగతా జాగ్రత్తలన్నీ ఉన్నచోట ఈ పరికరం అదనంగా ఎంత మేలు చేస్తుందో గట్టిగా తేల్చే ఆధారం లేదంది. ఆ మాట విని కొందరు పరికరమే దండగన్నారు. నాకది అలా వినపడలేదు. మిగతా జాగ్రత్తలన్నీ ఉన్నచోట అన్నారు. మాకు అవి లేవు. క్యాబినెట్ లేదు, గౌను లేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అమెరికా ఫార్మకోపియాలో ఇలాంటి మందుల గురించి 800వ అధ్యాయం ఉంది, 2023 నవంబరు 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మందు కలిపేటప్పుడు ఈ పరికరం వాడడం మంచిదంటుంది. రోగికి ఎక్కించేటప్పుడు మాత్రం, వీలున్న మందులకు, వాడి తీరాలంటుంది. మొదట విన్నప్పుడు తిరగేసి రాశారేమో అనుకున్నాను. కలిపే చోట క్యాబినెట్ ఉంటుంది, మంచం పక్కన ఏమీ ఉండదు. మందు ఎక్కించే గొట్టాన్ని, అంటే సెట్టును, ఊడదీసే నర్సు, పక్కన కూర్చున్న భార్య, పరుపు మీది దుప్పటి, అంతే. ఎన్ని సెట్లను మందుతోనే నింపి, మొదటి చుక్కలు చెత్తబుట్టలోకి వదిలాను! ముందుగా ఉత్త సలైన్‌తో సెట్టు నింపుకుని, ఆ తర్వాత మందు సంచి తగిలిస్తే ఆ చుక్కల్లో మందే ఉండదు. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. అదీ చేయలేదు. మందు అంటిన సెట్లను, సిరంజిలను పసుపు సంచిలో విడిగా వేసి, సైటోటాక్సిక్ అని రాసి, 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చడానికి పంపాలని మన దేశంలో ఆస్పత్రి వ్యర్థాల మీద వచ్చిన 2016 నియమాలు చెబుతున్నాయి. అంతకుముందు మా చెత్త ఏ సంచిలో పోయిందో నాకు బాగా తెలుసు. దాన్ని మోసిన ఆయమ్మకు గ్లోవ్స్ ఉన్నాయో లేదో చూసిన గుర్తు మాత్రం లేదు.

రిటైరయ్యాక, నేను కోప్పడిన ఆ అమ్మాయి నంబరు సంపాదించి ఫోను చేశాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంది, అక్కడా క్యాన్సర్ వార్డులోనే. క్షమించమన్నాను. కాసేపు ఊరుకుని అక్కడి సంగతులు చెప్పింది. మందు వార్డుకు వచ్చేసరికే ఫార్మసీలో కలిపి, సెట్టు తగిలించడానికి సిద్ధంగా వస్తుందట. రెండో కాన్పప్పుడు గర్భమని చెప్పగానే కాగితం మీద రాసుకుని వేరే పని ఇచ్చారట. "అడిగితే ఎవరూ తిట్టలేదక్కా" అంది. నన్ను పొడవాలని అన్న మాట కాదు. కానీ క్షమించానని మాత్రం అనలేదు, అనమని నేనూ అడగలేదు.

మా పోచారం వీధిలో ఒకావిడ అత్తగారికి కీమో నడుస్తోంది. రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె.కి తీసుకెళ్తారు, పొద్దున్నే ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో. కోడలికి పాలు తాగే బిడ్డ ఉంది. పోయిన నెల వాళ్లింటికి వెళ్లి, మందు ఎక్కించిన తర్వాత రెండు రోజుల వరకూ, అంటే 48 గంటలు, పెద్దావిడ మూత్రంలో, వాంతిలో మందు వస్తుందని చెప్పాను. బాత్రూంలో రెండుసార్లు ధారాళంగా నీళ్లు పోయాలి. వాంతి ఎత్తేటప్పుడు గ్లోవ్స్ వేసుకోవాలి, తీశాక సబ్బుతో కడుక్కోవాలి. తడిసిన దుప్పటి బిడ్డ బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. వీలైతే ఆ రెండు రోజులూ ఆ పని పాలిచ్చే తల్లి కాక, ఆమె భర్త చేయాలి. అతను గుమ్మంలోనే నిలబడి విన్నాడు, ఎన్ని జతల గ్లోవ్స్ తేవాలని అడిగాడు. ఒక పెట్టె తెమ్మన్నాను. అన్నేళ్ల సర్వీసులో డిశ్చార్జి కాగితం చేతికిస్తూ ఒక్క ఇంటివాళ్లకైనా నేను ఈ నాలుగు ముక్కలు చెప్పలేదు. ఈ నెల వాళ్ల సైకిల్ పదహారో తారీఖున. పద్దెనిమిది దాకా బిడ్డను పగటిపూట మా ఇంట్లో ఉంచమన్నాను.